పిన్ని అతికించిన చెవి

మా పిన్నికి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. ఎవరైనా వచ్చి కబుర్లు చెబుతుంటే ఆవిడ చూపు వాళ్ల మొహం మీద ఉండదు, చొక్కా అంచుల మీద ఉంటుంది. ఒకసారి కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేలోపు, ఆయన భుజాన వేలాడే సంచికి తెగిన పట్టీ కుట్టి చేతికిచ్చింది. సగం మెట్లు దిగాక ఆయన ఆగి, సంచి వైపు చూసుకుని, మళ్లీ పైకొచ్చి దండం పెట్టి వెళ్లాడు.

ఆవిడ మా అమ్మకు చెల్లెలు. చదువు కోసం వచ్చి రెండేళ్లుగా నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను. బాబాయికి సబ్బుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. తెల్లవారగానే వెళ్తే చీకటిపడే వేళకు వస్తాడు. మేడ మీద వాటాలో రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు. చివరి గదిలో, కిటికీ కింద, పిన్ని కుట్టు మిషను. ఇరవై రెండేళ్లుగా ఆ మిషను మీద ఆసుపత్రి బట్టలు కుడుతోంది: నర్సుల కోట్లు, వార్డు సిబ్బంది ప్యాంట్లు, ఆపరేషన్లప్పుడు డాక్టర్లు వేసుకునే ఆకుపచ్చ జతలు.

నాలుగేళ్లుగా ఆవిడకు చెవులు మందగిస్తున్నాయి. చెవిలో పెట్టుకునే యంత్రం కొన్నారు. మామూలు మాటలకు అది బాగానే పనిచేస్తుంది గానీ, కుట్టు మిషను ముందు కూర్చుంటే ఆ టకటకనంతా పోగుచేసి తలలోకి మేకులా దిగ్గొడుతుంది. "ఇవి రెండూ తోడికోడళ్లే. ఒక గదిలో ఇమడవు," అని పిన్ని కుట్టేటప్పుడల్లా చెవి యంత్రం తీసి దారాల డబ్బాలో పడేస్తుంది. ఇక బెల్ మోగినా వినపడదు. ఫోను బల్ల మీద వణికినా తెలియదు, ఎందుకంటే బల్లే వణుకుతూ ఉంటుంది.

అలా ఆసుపత్రి స్టోర్సు సూపర్వైజరు బట్ట మూటలతో రెండుసార్లు వచ్చి, బెల్ కొట్టి కొట్టి వెనక్కిపోయాడు. రెండోసారి సాయంత్రం ఫోను చేస్తే నేను ఎత్తాను. పిన్ని కుట్టుకు వంక పెట్టేవాడు పుట్టలేదని మొదట ఒప్పుకున్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"రెండుసార్లు మెట్లెక్కి దిగానమ్మా. నాకూ మోకాళ్లున్నాయి. వచ్చే నెల పదిహేనో తేదీ, బుధవారం, పదకొండింటికి వస్తాను. ఆ రోజు కూడా తలుపు తీయకపోతే మార్కెట్ పక్కన షాపుకి ఇచ్చేస్తాను."

ఈ మాట పిన్నికి చెప్పాను. దారం కండె చేతిలో తిప్పుతూ, "ఆ పని పోతే నా చేతులు ఏం చెయ్యాలి?" అంది.

తలుపు తీసి ఉంచుదామంటే వీధిలో పిల్లులన్నీ మెట్లెక్కి వచ్చి కుట్టిన బట్టల మీద పడుకుంటాయి. ఆసుపత్రి బట్ట మీద పిల్లి వెంట్రుక ఒక్కటి కనబడినా పని గోవిందా. బెల్‌ వైరుకి ఒక బల్బు తగిలిద్దామంటే ఇంటి ఓనరు ఒప్పుకోడు. ఒకప్పుడు వైర్లు కాలి ఇల్లంతా పొగచూరిందట, అప్పటినుంచి గోడలో మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి. పదిహేనో తేదీన కాలేజీ మానేసి ఇంట్లో ఉంటానన్నాను. "తర్వాత నెల పదిహేనుకి? ఆ తర్వాత నెలకి? నా చెవుల కోసం నీ చదువు అటకెక్కించాలా?" అని పిన్ని కసిరింది.

నేను పుస్తకాలు తెచ్చుకునే లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం చాలాకాలంగా ఉంది. 'విప్పి చూద్దాం. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, మేడ మీద హాల్లో. పాడైనవీ అర్థంకానివీ పట్టుకు రండి. ఏమీ తెలియకపోయినా రండి.' చివరి వాక్యం నాకు నచ్చి చాలాసార్లు చదివాను గానీ ఎప్పుడూ మెట్లెక్కలేదు. ఈసారి పిన్ని నన్ను ముందుకు తోసి తను వెనక ఎక్కింది.

పాత పేపర్ల కట్టల వాసన వేసే పొడవాటి గది. చదువుకునే బల్లల మీద మూత లేని ప్రింటరు, పొట్ట విప్పిన మిక్సీ, వీపు ఊడిన లాప్‌టాప్‌లు. ఓ పదిహేనుమంది వాటి మీదికి వంగి ఉన్నారు. గోడ మీద అట్టముక్క: 'వస్తువు ఎవరిదో చెయ్యీ వాళ్లదే.' అక్కడి కట్టుబాటు అది. తెలిసినవాళ్లు నోటితో ఎంతైనా చెప్పొచ్చు గానీ అవతలివాళ్ల వస్తువు ముట్టుకోకూడదు. ఆత్రం ఆపుకోలేనివాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. అందరికంటే ఎక్కువ ఆత్రం ఒక లిఫ్టు మెకానిక్‌ది. అరవై దగ్గరపడుతున్న మనిషి, తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులా చేతులు వెనక్కి పెట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్నాడు.

పిన్ని నా చెవిలో గుసగుసలాడింది. వినికిడి తగ్గినవాళ్ల గుసగుస ఎలా ఉంటుందో తెలిసిందే కదా. "ఏమే, ఆయన ప్యాంటు చూశావా? వెనక కుట్టు మూడు రంగుల దారాలతో ఉంది." హాలంతా తలెత్తింది. నాకు భూమిలో కూరుకుపోవాలనిపించింది.

లిఫ్టు మెకానిక్ మాత్రం నవ్వాడు. "ఎన్నిసార్లు కుట్టించినా అంతేనమ్మా. లిఫ్టు కింద గోతిలో పని నిలబడి అవదు. గొంతుక్కూర్చుంటే పర్రుమంటుంది."

"కుట్టినవాడిది తప్పు," అంది పిన్ని. అలా పరిచయమయ్యారు.

ఇంకొకామె పగలు బ్యాంకులో పనిచేసి సాయంత్రాలు ప్రోగ్రాములు రాసుకునే అమ్మాయి. మొదటి రోజు పిన్నిని ఆంటీ అంది. ఆంటీ అంటే పక్కింటావిడెవరినో పిలిచినట్టుంది, పిన్నీ అని పిలువు అంది పిన్ని. బ్యాంకమ్మాయి మా కథంతా విని, చప్పుళ్లు విని గుర్తుపట్టే చిన్న పెట్టె చేయొచ్చంది. ఒక మైకు, అరచేతిలో పట్టే ఒక కంప్యూటరు పలక, ఒక దీపం. బెల్ చప్పుడు దానికి నేర్పాలి. మోగినప్పుడు మిషను పక్కన దీపం వెలుగుతుంది. వినే ప్రోగ్రాము ఎక్కడో ఎవరో రాసి, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారట. మనం చేసేది కూడా అలాగే అందరికీ వదిలేయాలి, దాన్నే ఓపెన్ సోర్స్ అంటారని చెప్పింది.

పిన్నికి ఇది మింగుడుపడలేదు. ఆవిడ ట్రంకుపెట్టె అడుగున ఒక ప్యాంటు కటింగు కాగితం ఉంది. కూర్చున్నా వంగినా కుట్టు బిగుసుకోని కొలత, ఎన్నో బట్టలు పాడుచేసుకుని తనే కనిపెట్టింది. ఇరవై ఏళ్లలో ఎవరికీ చూపించలేదు, మా అమ్మకు కూడా. "పని రహస్యం ఊరికే ఇచ్చేస్తే వాళ్ల బతుకెలా?" అని అడిగింది.

బ్యాంకమ్మాయి తల అడ్డంగా ఊపింది. "అదంతా నాకు తెలీదు పిన్నీ. వాళ్లు ఇవ్వకపోతే నీ పెట్టె నేను చెయ్యలేను. అంతే."

ఆ ఆదివారం, మళ్లీ రెండు వారాల తర్వాత ఆదివారం పిన్ని సోల్డరింగు నేర్చుకుంది. వేడి ములికితో సీసపు తీగ కరిగించి వైర్లు అతకడం. లిఫ్టు మెకానిక్ వెనక చేతులతో పక్కన నిలబడి, కొంచెం వెనక్కి, ఇప్పుడు తీసెయ్, ఊదకు, అంటూ నోటితోనే నడిపించాడు. ముప్ఫై ఏళ్లు సూది పట్టిన చెయ్యి అది. నాలుగో అతుకు చూసి ఆయన కళ్లజోడు పైకెత్తి, మళ్లీ దించి చూశాడు. "ఇంత సన్నగా నా జన్మలో నేను వెయ్యలేదు చెల్లెమ్మా," అన్నాడు. ఇంటికొచ్చాక ఆ మాట బాబాయికి నాలుగుసార్లు చెప్పింది. నాలుగోసారి ఆయన, "నాకు చెవులు బాగానే ఉన్నాయే," అన్నాడు.

చేసింది ఎలా చేశామో ఒక పేజీ రాసి పెట్టడం అక్కడ ఇంకో కట్టుబాటు. ఆ పేజీలో మొట్టమొదటి శీర్షిక 'ఎక్కడ తప్పాం.' నేను సాహిత్యం చదువుతున్నానని తెలిసి రాసే పని నామీద పెట్టారు. మాకు తప్పులేమీ దొరకలేదు. ఆ శీర్షిక ఖాళీగా ఉంటే ఎవరూ నమ్మరని బ్యాంకమ్మాయి హెచ్చరించింది.

బెల్ చప్పుళ్లు రెండు వందలు కావాలంది. బెల్ లేని మామూలు ఇంటి చప్పుళ్లు ఇంకో రెండు వందలు. ఒక శనివారం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నేను గుమ్మం బయట నిలబడి బెల్ నొక్కాను, లోపల మైకు రికార్డు చేసుకుంది. కింద ఓనరు రెండుసార్లు తొంగిచూసి, నా మతి సరిగానే ఉందా అన్నట్టు తలూపి వెళ్లాడు. మామూలు చప్పుళ్లు సాయంత్రం, పిన్ని మిషను మూసి వంటింట్లోకి వెళ్లాక రికార్డు చేశాం: కుళాయి, గిన్నెలు, బాబాయి దగ్గు, వీధిలో స్కూటర్లు.

పన్నెండో తేదీ ఆదివారం హాల్లో బ్యాంకమ్మాయి ఆ చప్పుళ్లన్నీ పెట్టెకు నేర్పింది. పరీక్ష కోసం పక్కన పెట్టిన నలభై చప్పుళ్లు వినిపిస్తే నలభైకి నలభై సరిగ్గా చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేను 'ఎక్కడ తప్పాం' కింద 'ఎక్కడా లేదు' అని రాసి, సిగ్గేసి కొట్టేశాను.

ఇంటికి రాగానే నన్ను గుమ్మం బయటికి పంపి పిన్ని తలుపేసుకుంది. తను మిషను దగ్గర కూర్చున్నాక నేను బెల్ కొట్టాలి. చెప్పులు వేసుకుని, బెల్ మీదికి వేలు చాపాను. వేలు ఇంకా తగలలేదు, తలుపు తెరుచుకుంది. పిన్ని మొహం వెలిగిపోతోంది. "వెలిగిందే! బంగారంలా వెలిగింది," అంది. నేను ఇంకా బెల్ కొట్టలేదని చెప్పబోయాను. ఆ మొహం చూశాక నోరు పెగల్లేదు. ఆత్రం కొద్దీ తనే వచ్చేసిందని సర్దిచెప్పుకున్నాను. అప్పుడు నోరు విప్పి ఉంటే ఒక రోజు కలిసొచ్చేది.

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి పిన్ని మెట్ల మీద కూర్చుని ఉంది. మిషను ముందు తప్ప ఆవిడ కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. పొద్దుటినుంచి దీపం వెలిగినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి తలుపు తీసిందట. పదకొండుసార్లు. ఎవరూ లేరు. ఇది ఓనరు మనవల కోతిపని అని కిందికి దిగి కేకలేస్తే, పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారని ఆయన చల్లగా చెప్పాడట.

"ఇలా రా," అని నన్ను మిషను దగ్గరికి తీసుకెళ్లింది. తొక్కింది. దీపం వెలిగింది. ఆపింది. ఆరింది. తొక్కింది. వెలిగింది. అప్పుడు మిషను ఆపి, నన్ను బెల్ కొట్టి రమ్మంది. బెల్ కీచుమంది. దీపం వెలగకుండా గుడ్లప్పగించి ఊరుకుంది.

"ఇది బెల్ వినట్లేదే," అంది పిన్ని. "నన్ను వింటోంది."

నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే గోడమీద క్యాలెండరు వైపు ఇద్దరం ఒకేసారి చూశాం. ఎల్లుండి బుధవారం.

బ్యాంకమ్మాయికి ఫోను చేసి చెప్పాం. అంతా విని ఆమె, "మీరు బెల్ రికార్డు చేసినప్పుడు మిషను నడుస్తోందా?" అని అడిగింది. నడిచే ఉంటుందిగా అంది పిన్ని. శనివారం పొద్దున, అంతసేపు, చేతులు ముడుచుకుని కూర్చోవాలని ఎవరూ చెప్పలేదుగా. విషయం నాకు అప్పటికి వెలిగింది. బెల్ ఉన్న ప్రతి చప్పుడులోనూ మిషను ఉంది. బెల్ లేని ఏ చప్పుడులోనూ మిషను లేదు. కీచుమనే చిన్న బెల్ కంటే టకటకలాడే మిషను పట్టుకోవడం పెట్టెకు తేలిక. పరీక్ష పెట్టిన నలభై చప్పుళ్లు కూడా ఆ మూటలోవే కాబట్టి నూటికి నూరూ వచ్చాయి. తప్పు తనదే, అడగాల్సింది తనేనని బ్యాంకమ్మాయి ఒకటే నొచ్చుకుంది.

"నిలబెట్టి కొలిచి కుట్టిన ప్యాంటు కూర్చుంటే పిగులుతుందమ్మా," అంది పిన్ని. "దీన్ని మనం నిలబెట్టే కొలిచాం. రేపు కూర్చోబెట్టి కొలుద్దాం, రా."

మంగళవారం బ్యాంకమ్మాయి సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. కబురు అందుకుని లిఫ్టు మెకానిక్ కూడా వచ్చాడు. పిన్ని బట్ట కోసే బల్ల మీద సుద్దతో నాలుగు గళ్లు గీసింది. మిషను ఉండి బెల్ ఉన్నది, మిషను ఉండి బెల్ లేనిది, మిషను లేక బెల్ ఉన్నది, రెండూ లేనిది. ఒక్కో గడికి యాభై చప్పుళ్లు. ఒకటి అవగానే ఒక బొత్తాం గడిలో పెట్టాలి. కొలతలు తీసేటప్పుడు ఆవిడ ఎప్పుడూ అంత నెమ్మదిగా ఉంటుంది. మిషను లేని గళ్లు నిండుతున్నంతసేపూ నా రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది, లేకపోతే తన చేతులు ఏదో ఒకటి కుట్టేస్తాయని.

గళ్లు నిండాక బ్యాంకమ్మాయి లాప్‌టాప్ తెరిస్తే, ఇంకొకటి మిగిలింది ఆగు అంది పిన్ని. "రెండుసార్లు బెల్ కొట్టి వెనక్కిపోయినవాడు మూడోసారి బెల్ కొడతాడా? కోపంతో తలుపు బాదుతాడు. అదీ నేర్పండి."

బాదడానికి లిఫ్టు మెకానిక్ చెయ్యే తగింది. ఆయన బయట నిలబడి, "తలుపు నాది కాదు కదా చెల్లెమ్మా, చెయ్యి పెట్టొచ్చా?" అని కట్టుబాటు గుర్తుచేశాడు. పిన్ని అనుమతి ఇచ్చింది. ఆయన యాభైసార్లు బాదాడు: పిడికిలితో, అరచేత్తో, తాళాల గుత్తితో. ముప్ఫయ్యో దెబ్బకు ఇంటి ఓనరు పరుగున పైకొచ్చి, ఎవరు ఎవర్ని కొడుతున్నారో చెప్పమన్నాడు. సంగతంతా విన్నాక ఆయన వెళ్లలేదు. గుమ్మంలో నిలబడి, తన తలుపు తనే ఒకసారి మొహమాటంగా తట్టాడు. దానికీ ఒక బొత్తాం పెట్టింది పిన్ని.

దీపాలు పెట్టే వేళకు పెట్టె కొత్త పాఠం నేర్చుకుంది. మిషను తొక్కితే చీకటి. బెల్ కొడితే వెలుగు. తొక్కుతుండగా బెల్ కొడితే వెలుగు. తలుపు తడితే వెలుగు. వంటింట్లో కుక్కరు కూసింది, దానికీ వెలిగింది. బ్యాంకమ్మాయి తల పట్టుకుంది.

"ఉండనీ," అంది పిన్ని. "కుక్కరు కూసినా లేవాల్సింది నేనేగా."

బుధవారం ఆవిడ నన్ను కాలేజీకి తరిమేసింది. కాబట్టి ఇది ఆవిడ చెప్పినదే, సగం తగ్గించి రాస్తున్నాను. పదకొండు దాటి పది నిమిషాలైంది. చెవి యంత్రం దారాల డబ్బాలో ఉంది. పిన్ని ఒక నర్సు కోటు చేతులు కలుపుతూ, కన్ను సూది మీద ఒకటీ దీపం మీద ఒకటీ పెట్టుకుంది. దీపం వెలిగింది. పరుగెత్తి తలుపు తీస్తే సూపర్వైజరు రెండో దెబ్బకు చెయ్యి ఎత్తి ఉన్నాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బెల్ ముట్టుకోలేదట, నేరుగా తాళాల గుత్తితో కొట్టాడట.

"ఈరోజు విన్నారే," అని గట్టిగా అన్నాడు.

"నేను వినలేదండీ. మా పెట్టె వింది."

మోకాళ్ల సంగతి మర్చిపోయి ఆయన అరగంట నిలబడ్డాడు. మూటలు విప్పకముందే పిన్ని ఆయన చేత బెల్ కొట్టించింది, తలుపు తట్టించింది, మిషను తొక్కి చూపించింది. అతుకులు తనే వేశానని మూత తీసి మరీ చూపించింది. వెళ్తూ ఆయన ఆరు నెలల పని ఒప్పుకుని వెళ్లాడు. ఆసుపత్రిలో ఒక నర్సు వాళ్ల అమ్మకూ వినపడదట, వివరాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. పిన్ని నా పేజీ సంగతి చెప్పింది.

ఆ రాత్రే పేజీ పూర్తిచేశాను. 'ఎక్కడ తప్పాం' కింద ఏం రాయాలో పిన్నే చెప్పింది, నేను ఒక్క అక్షరం మార్చలేదు. 'ఈ పెట్టె మొదట కుట్టు మిషన్నే బెల్ అనుకుంది. తప్పు పెట్టెది కాదు, ఖాళీగా కూర్చోలేని మనిషిది. మీ ఇంట్లో ఎప్పుడూ ఆగకుండా మోగేది ఏదైనా ఉంటే, దాన్ని ఆపి ఒకసారీ ఆపకుండా ఒకసారీ రికార్డు చెయ్యండి.' రెండు వారాల తర్వాత ఎక్కడో ఒక వడ్రంగి కూతురు రాసింది, వాళ్ల నాన్న రంపం ఆపడానికి ఒప్పుకోవడం లేదని. ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకోమని పిన్ని జవాబు రాయించింది.

నాలుగో ఆదివారం మేం హాలుకి వెళ్లినప్పుడు పిన్ని చంకలో ఒక చుట్ట ఉంది. ట్రంకుపెట్టె అడుగున ఉండే కాగితం. మడతల దగ్గర పసుపుపచ్చగా మారిపోయింది. దాన్ని బల్ల మీద పరిచి, అంచుల మీద నాలుగు స్క్రూడ్రైవర్లు పెట్టి, "ఎవరికి కావాలంటే వాళ్లు గీసుకోండి," అంది. తర్వాత ఒక ముతక బట్ట, కత్తెర తీసి లిఫ్టు మెకానిక్ ముందు పెట్టింది.

ఆయన కంగారుపడ్డాడు. "నేనా?"

"ప్యాంటు ఎవరిదో చెయ్యీ వాళ్లదే అన్నయ్యా."

మా బరువైన పాత మిషను నేనూ బాబాయీ కలిసి మోసుకొచ్చాం. ఆ పూటంతా, మరో ఆదివారం పూటంతా ఆయన కోసి కుట్టాడు. పిన్ని చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడి, కొంచెం వంచు, ఇప్పుడు ఆపు, లాగకు, అంటూ నోటితోనే నడిపించింది. వెనక ఆ చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కుట్టు వంకరటింకరగా పడినప్పుడల్లా వేళ్లు తెల్లబడటం నేను చూశాను. ఒక్కసారి కూడా విడిపోలేదు.

ఆయన లోపలికి వెళ్లి కొత్త ప్యాంటు వేసుకొచ్చాడు. ఒక కాలు ఇంకోదానికంటే బెత్తెడు పొడవు. హాల్లో డ్రిల్లు ఆగింది, ప్రింటరు ఆగింది.

"ఇప్పుడు కూర్చో," అంది పిన్ని.

లిఫ్టు గోతిలో కూర్చున్నట్టే గొంతుక్కూర్చున్నాడు. అందరం చెవులు రిక్కించాం. మిషను పక్కన నిలబడటం వల్ల పిన్ని చెవి యంత్రం ఎప్పుడో సంచిలోకి పోయింది. ఆవిడ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"ఏమన్నా వినపడిందా?" అని అడిగింది.

లేదని అందరం తలలూపాం.

"నాకూ వినపళ్లేదు," అంది పిన్ని, చేతులు విడిచి.